బోర్ల చుక్కలకు ఏ సాఫ్ట్‌వేర్? పాయింట్ ప్యాటర్న్ విశ్లేషణ మొదలుపెట్టే ముందు

"సార్, ఊళ్లె బోర్లన్నీ జీపీఎస్‌తోని తీసుకొచ్చిన. ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌ల వెయ్యాలె?" నల్లగొండలో డిగ్రీ, పీజీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పే నాకు ప్రాజెక్టుల సీజన్ రాగానే వినిపించే ప్రశ్న ఇది. అడిగేది స్టాటిస్టిక్స్ పిల్లలే కాదు. జాగ్రఫీ వాళ్లు బోర్ల లొకేషన్లు తెస్తారు, బోటనీ వాళ్లు అమ్రాబాద్ అడవిలో చెట్ల లెక్క తెస్తారు, పబ్లిక్ హెల్త్ చదివేవాళ్లు డెంగీ కేసుల ఇళ్లు తెస్తారు. అందరి ఎక్సెల్ షీట్ ఒకేలా ఉంటుంది: ఒక నిలువు వరుసలో అక్షాంశం, ఇంకో వరుసలో రేఖాంశం.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మీ హద్దు ఏదని అడిగే సాఫ్ట్‌వేర్ తీసుకోండి. చుక్కలు ఇవ్వగానే, ఏ స్థలంలో వెతికి ఆ చుక్కలు తెచ్చారో అడగకుండా "గుంపుగా ఉన్నాయి" అని చెప్పేసే బటన్‌ను నమ్మకండి. ధర, మెనూలు, అందమైన మ్యాపులు, ఇవన్నీ ఆ తర్వాతి మాట. ఎందుకో కింద లెక్క వేసి చూపిస్తాను. దానికి ముందు ఒక చిన్న వడపోత కావాలి.

మీ డేటా అసలు పాయింట్ ప్యాటర్నేనా?

మ్యాప్ మీద చుక్కలు ఉన్నంత మాత్రాన అది పాయింట్ ప్యాటర్న్ అయిపోదు. చుక్క ఎక్కడ పడిందన్నదే మీ ప్రశ్న అయితేనే అవుతుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు తిరిగి నీళ్ల శాంపిళ్లు తెచ్చి ఫ్లోరైడ్ కొలిచారనుకోండి. ఏ బోరు దగ్గర సీసా నింపాలో మీరే నిర్ణయించుకున్నారు. ఆ సీసాలు నింపిన చోట్లు గుంపుగా ఉన్నాయా అన్న ప్రశ్నకు అర్థం లేదు. మీకు కావాల్సింది శాంపిల్ తీయని చోట ఫ్లోరైడ్ ఎంత ఉండొచ్చన్న అంచనా, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి ఎక్కడ దాటుతుందన్న మ్యాపు. దాన్ని జియోస్టాటిస్టిక్స్ అంటారు, అందులో వాడేది క్రిగింగ్. ఆర్ అనే ఉచిత స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో దానికి జీస్టాట్ అనే ప్యాకేజీ ఉంది. ఫ్లోరైడ్ తీసే పద్ధతికే మన జిల్లా పేరు పడింది కాబట్టి ఇక్కడ ఈ టాపిక్ తీసుకునేవాళ్లు ఎక్కువ. ఆ డేటాను తీసుకొచ్చి చుక్కల గుంపుల్ని పరీక్షించే రిప్లీ కె ఫంక్షన్‌లో పడేసేవాళ్లూ ఎక్కువే. దయచేసి ఆ పని చేయకండి.

ఊరికి ఇన్ని కేసులు అని అంకెలు మాత్రమే ఉంటే అది ఇంకో రకం. అక్కడ చుక్కల్లేవు, ఊళ్ల హద్దులూ వాటిలో లెక్కలూ ఉన్నాయి. దానికి జియోడా చాలు. ఉచితం, నేర్చుకోవడం తేలిక. పక్కపక్క ఊళ్ల అంకెలు ఒకేలా ఉన్నాయా అని కొలిచే మోరాన్ ఐ లాంటివి అందులో హాయిగా చేసుకోవచ్చు.

ఊళ్లో వేసిన ప్రతి బోరూ, ప్లాట్‌లో ఉన్న ప్రతి చెట్టూ, ఏడాదిలో జరిగిన ప్రతి యాక్సిడెంటూ, ఇలా ఒక హద్దు లోపల ఉన్నవన్నీ నమోదు చేస్తే అప్పుడు మీది పాయింట్ ప్యాటర్న్. "అన్నీ" అన్న మాట ముఖ్యం. రోడ్డు పక్క పొలాల్లో బోర్లే రాసుకొచ్చి, లోపలికి నడవాల్సినవి వదిలేస్తే, మీకు కనిపించే గుంపులు మీరు నడిచిన దారివే. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని సరిచేయలేదు.

హద్దు మారితే జవాబు మారుతుంది

ఇప్పుడు లెక్క. ఒక ఊరి విస్తీర్ణం 12 చదరపు కిలోమీటర్లు అనుకుందాం. అందులో 200 బోర్లు. ప్రతి బోరుకూ దాని అతి దగ్గరి బోరు ఎంత దూరమో కొలిచి సగటు తీస్తే 125 మీటర్లు వచ్చింది. క్లార్క్, ఎవన్స్ 1954లో ఇచ్చిన సూత్రం ప్రకారం, బోర్లు ఎలా పడితే అలా చెదిరి ఉంటే రావాల్సిన సగటు దూరం, ఒకటిని సాంద్రత వర్గమూలంతో భాగిస్తే వచ్చేదాంట్లో సగం. 200ను 12తో భాగిస్తే చదరపు కిలోమీటరుకు 16.67 బోర్లు. రావాల్సిన దూరం సుమారు 122 మీటర్లు. మనకు వచ్చింది 125. నిష్పత్తి 1.02, జెడ్ విలువ (రాండమ్ నుంచి ఎంత పక్కకు జరిగిందో చెప్పే అంకె) 0.56. అంటే రాండమ్‌గా ఉన్నాయనడానికి అడ్డేమీ లేదు.

కానీ మన ఊళ్లు పలకలా ఉండవు కదా. ఒక పక్క వాగు వెంట సాగిపోయి, ఇంకో పక్క గుట్ట దగ్గర లోపలికి నొక్కుకుపోయి ఉంటాయి. అదే 200 చుక్కలూ పట్టేలా చుట్టూ ఒక దీర్ఘచతురస్రం గీస్తే అది 20 చదరపు కిలోమీటర్లు అయిందనుకోండి. ఇప్పుడు సాంద్రత 10కి పడిపోయింది. రావాల్సిన దూరం 158 మీటర్లకు పెరిగింది. వచ్చిన 125 దాని ముందు చాలా తక్కువగా కనిపిస్తుంది. నిష్పత్తి 0.79, జెడ్ విలువ మైనస్ 5.67. అవే బోర్లు, అవే దూరాలు. ఇప్పుడు "తీవ్రంగా గుంపులుగా ఉన్నాయి" అని రిపోర్టు!

ఇదేదో ఊహించి చెప్తున్నది కాదు. ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లోని నియరెస్ట్ నైబర్ అనాలిసిస్ విస్తీర్ణం అడగదు. లేయర్ చుట్టూ ఉండే దీర్ఘచతురస్రాన్నే తీసుకుంటుంది. లైసెన్సు కొనాల్సిన మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఆర్క్‌జీఐఎస్‌లో యావరేజ్ నియరెస్ట్ నైబర్ టూల్‌కు విస్తీర్ణం ఇచ్చే గడి ఉంది, కానీ ఖాళీగా వదిలేస్తే అదీ చుట్టూ దీర్ఘచతురస్రమే గీసుకుంటుంది. పిల్లలు దాన్ని ఖాళీగానే వదిలేస్తారు. మంచి సాఫ్ట్‌వేర్లే అవి. క్యూజీఐఎస్ లేకుండా నేను ఏ ప్రాజెక్టూ మొదలుపెట్టనివ్వను. ఈ ఒక్క అంకె కోసం మాత్రం వాటిని నమ్ముకోవద్దంటాను.

కాబట్టి మొదటి పని హద్దు తయారు చేసుకోవడం. తహసీల్ ఆఫీసులో గ్రామ నక్షా దొరికితే స్కాన్ చేసి, క్యూజీఐఎస్‌లో జియోరిఫరెన్స్ చేసి (అంటే నక్షాను నేల మీది అసలు చోట్లకు సరిపెట్టి), హద్దు వెంట గీసుకోండి. తర్వాత బోరు వేయడానికి వీల్లేని చోట్లు అందులోంచి తీసేయండి. చెరువు, గుట్ట, రిజర్వు ఫారెస్టు ఉంటే అది. పానగల్లు పక్క ఊళ్లు తీసుకుంటే ఉదయసముద్రం నీళ్లలో బోరు లేదని ఆశ్చర్యపడే పని లేదు కదా. ఆ నీళ్లను హద్దులోనే ఉంచేస్తే, మిగతా బోర్లన్నీ ఒడ్డుకు చేరి గుంపు కట్టినట్టు లెక్క చెప్తుంది. ఇలా మధ్యలో రంధ్రాలున్న హద్దును తీసుకోగలదా లేదా అన్నది సాఫ్ట్‌వేర్ ఎంపికలో నేను చూసే రెండో విషయం.

మూడోది ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమి మీది చోట్లను చదునైన మ్యాపు మీదికి మార్చడం. డిగ్రీల్లో ఉన్న అక్షాంశ రేఖాంశాలతో దూరాలు కొలవకూడదు. మన దగ్గర, 17 డిగ్రీల అక్షాంశం మీద, ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106 కిలోమీటర్లు, ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111. వృత్తం అనుకున్నది వృత్తంగా ఉండదు. మీటర్లలో కొలిచే యూటీఎమ్ పద్ధతిలోకి మార్చుకోండి. నల్లగొండ జోన్ 44లో పడుతుంది, సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకోవాల్సిన ఈపీఎస్‌జీ కోడ్ 32644. మహబూబ్‌నగర్ వాళ్లు మాత్రం జాగ్రత్త. జోన్ 43, 44ల మధ్య గీత 78 డిగ్రీల రేఖాంశం. పాలమూరు పట్టణం సరిగ్గా దానికి ఆనుకునే ఉంది. జడ్చర్ల 44లోకి, నారాయణపేట, మక్తల్ 43లోకి వెళ్తాయి. మీ ఊళ్లు రెండు పక్కలా ఉంటే సగం చుక్కలు ఒక జోన్‌లో, సగం ఇంకో జోన్‌లో మార్చకండి. అన్నిటికీ ఒకే జోన్ తీసుకోండి. గీతకు కాస్త అవతల ఉన్నా వచ్చే తేడా మన పనికి పట్టించుకోదగ్గది కాదు.

నేను చెప్పే సాఫ్ట్‌వేర్

పై మూడింటినీ ఒకేచోట పట్టించుకునేది నా అనుభవంలో ఆర్ లోపల పనిచేసే స్పాట్‌స్టాట్. ఆడ్రియన్ బాడెలీ, రోల్ఫ్ టర్నర్ మొదలుపెట్టారు, తర్వాత ఎగె రూబాక్ కలిశారు. ముగ్గురూ కలిసి 2015లో దీని మీద పెద్ద పుస్తకం కూడా తెచ్చారు. ఉచితం. పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది.

నాకు దీనిలో నచ్చేది దాని పట్టుదల. చుక్కల్ని దానికి ఇవ్వాలంటే పీపీపీ అనే రూపంలో ఇవ్వాలి. ఆ రూపంలో హద్దు ఒక భాగం. హద్దును ఓవిన్ అంటారు. హద్దు బయట చుక్క ఉంటే వెంటనే హెచ్చరిస్తుంది, ఆ చుక్కను పక్కన పెడుతుంది. ఒకేచోట రెండు చుక్కలుంటే డూప్లికేట్లు ఉన్నాయని చెప్తుంది. మ్యాపు ఫైళ్లు చదివే ఎస్‌ఎఫ్ ప్యాకేజీతో చదివిన లేయర్ ఇంకా డిగ్రీల్లోనే ఉంటే దాన్ని స్పాట్‌స్టాట్ రూపంలోకి మార్చనే మార్చదు, ప్రొజెక్ట్ చేసిన కోఆర్డినేట్లే తీసుకుంటానని ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ చూసి పిల్లలకు టెన్షన్ వస్తుంది. నిజానికి అది వాళ్ల ప్రాజెక్టును కాపాడిన ఎర్రర్.

డూప్లికేట్ల హెచ్చరిక వస్తే కంగారుపడి తీసేయకండి, షీట్‌లోకి వెళ్లి చూడండి. మన దగ్గర దీనికి అసలైన కారణం ఉంటుంది. ఒక బోరు ఎండిపోతే రైతు అదే పొలంలో, ఉన్న మోటారు, ఉన్న పైపులు పనికొచ్చేలా పది పదిహేను గజాల అవతల ఇంకో బోరు వేయిస్తాడు. సర్వే చేసిన పిల్లవాడు గట్టు మీద ఒకేచోట నిలబడి రెండిటికీ ఒకే రీడింగ్ తీసుకుని ఉంటాడు. ఇంటికి వచ్చాక డూప్లికేట్ అని ఒకటి తీసేస్తే, పొలంలో నిజంగా ఉన్న ఒక బోరు మాయమవుతుంది. ఫోన్ జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పది మీటర్లలోపు దూరాల గురించి ఏ తీర్పూ చెప్పకండి. గ్రాఫ్‌లో ఆ భాగం ఎంత ఆసక్తిగా ఉన్నా సరే.

ఇక విశ్లేషణ. సగటు దగ్గరి దూరం అనే ఒక్క అంకె సరిపోదు. వంద మీటర్ల దగ్గర ఎడం ఎడంగా ఉన్నవి కిలోమీటరు స్థాయిలో గుంపులుగా ఉండొచ్చు. బోర్ల విషయంలో నేను ఎదురుచూసేదీ అదే. పక్కపక్కన వేస్తే ఒకదాని నీళ్లు ఇంకోటి లాగేస్తుందని రైతులకు తెలుసు. ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్లలోపు కొత్త బావి తవ్వకూడదని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టమూ చెప్తుంది. ఇంకోవైపు, మనది గ్రానైటు నేల. నీళ్లు ఉండేది రాతి పగుళ్లలోనే. పగులు దొరికిన వైపే అందరూ బోరు బండిని తీసుకెళ్తారు. అందుకే ప్రతి దూరం దగ్గరా విడిగా చూపించే కె ఫంక్షన్, దాన్ని చదవడానికి తేలిక చేసిన ఎల్ ఫంక్షన్, పెయిర్ కోరిలేషన్ ఫంక్షన్ కావాలి. మూడూ స్పాట్‌స్టాట్‌లో ఉన్నాయి. హద్దు దగ్గరి బోర్లకు అవతలి ఊళ్లో పొరుగు బోర్లు ఉండీ మనకు కనిపించవు కాబట్టి చేయాల్సిన అంచు సవరణ కూడా అదే చేస్తుంది, ఏ సవరణ వాడిందో పేరు రాసి చూపిస్తుంది.

ఆ గ్రాఫ్ చుట్టూ కనిపించే బూడిదరంగు పట్టీని ఎన్వలప్ అంటారు. రాండమ్ చుక్కల్ని అదే హద్దులో మళ్లీ మళ్లీ చల్లి (దీన్నే సిమ్యులేషన్ అంటారు) దాన్ని తయారు చేస్తుంది. 39 సార్లు చల్లితే ఒక దూరం దగ్గర 5 శాతం స్థాయి పరీక్ష అవుతుంది. ఇక్కడ "ఒక దూరం" అన్నది చదవకుండా ముందుకు పోవద్దు. ముందే అనుకున్న ఒక్క దూరానికే ఆ 5 శాతం. గీత పొడవునా ఎక్కడైనా బయటికి వచ్చిందా అని వెతికితే తప్పుడు అలారం అవకాశం చాలా పెరుగుతుంది. మొత్తం గీతకు కలిపి ఒకే పి విలువ (రాండమ్‌గానే ఇంత తేడా వచ్చే అవకాశం) కావాలంటే స్పాట్‌స్టాట్‌లోనే డీసీఎల్‌ఎఫ్, మ్యాడ్ అనే పరీక్షలు ఉన్నాయి. గ్లోబల్ ఎన్వలప్‌లు గీసే జీఈటీ అనే ఇంకో ప్యాకేజీ ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా "ఈ పట్టీ ఒక్కో దూరానికా, మొత్తం గీతకా?" అని చూడండి. జవాబు దొరక్కపోతే ఒక్కో దూరానికే అనుకోండి.

వాగు వెంట చిక్కగా ఉంటే గుంపు అనాలా?

మెనూల సాఫ్ట్‌వేర్లు ఆగిపోయే చోటు ఇది. పట్టీ బయటికి గీత వచ్చింది, గుంపులుగా ఉన్నాయి, సరే. ఎందుకు? బోర్లు ఒకదాన్నొకటి ఆకర్షించుకోవు. వాగు వెంట, చెరువు కింది ఆయకట్టులో నీళ్లు పడే అవకాశం ఎక్కువ కాబట్టి అక్కడ ఎక్కువ వేశారు. అది నేల తేడా. అలాకాక, ఒక రైతుకు రెండు ఇంచుల నీళ్లు పడ్డాయని తెలియగానే చుట్టుపక్కల నలుగురూ వేయించడం వేరే సంగతి. ఒక్క మ్యాపు చూసి ఈ రెండిటినీ విడదీయలేం, బయటి సమాచారం కావాలి.

వాగుకు ఎంత దూరమో చూపే ఒక రాస్టర్ (గడిగడికీ ఒక అంకె ఉండే మ్యాపు) క్యూజీఐఎస్‌లో తయారు చేసుకోండి. స్పాట్‌స్టాట్‌లో రోహ్యాట్ అనే ఫంక్షన్‌కు దాన్ని ఇస్తే, వాగు నుంచి దూరం జరిగేకొద్దీ బోర్ల సాంద్రత ఎలా తగ్గుతుందో గీసి చూపిస్తుంది. నేను పిల్లలందరి చేతా మొదట చేయించేది ఈ గ్రాఫే. భూగర్భ జలాల మీద పనిచేసేవాళ్లకు చూపిస్తే, కె ఫంక్షన్ తెలియని వాళ్లు కూడా దీన్ని వెంటనే పట్టుకుంటారు. తర్వాత పీపీఎమ్ అనే ఫంక్షన్‌తో సాంద్రతకు మోడల్ వేసి, ఆ తేడాను లెక్కలోకి తీసుకున్నాక ఇంకా గుంపు మిగిలిందా అని కె ఫంక్షన్‌లోనే ఇంకో రకమైన కెఇన్‌హోమ్‌తో చూడండి. సాంద్రతను ఆ చుక్కల నుంచే మరీ సన్నగా అంచనా వేస్తే అది గుంపునంతా మింగేస్తుంది, ఏమీ మిగల్లేదని వస్తుంది. వాగు దూరం లాంటి బయటి కారణంతో వేసిన మోడల్‌కే నా ఓటు.

హీట్‌మ్యాప్ గురించి కూడా ఒక మాట. క్యూజీఐఎస్‌లో రేడియస్ ఎంతన్నది మీ ఇష్టం. 200 మీటర్లు పెడితే పది ఎర్ర మచ్చలు, కిలోమీటరు పెడితే ఒకటే. గైడ్ "ఇదే రేడియస్ ఎందుకు?" అంటే చెప్పడానికి ఏమీ ఉండదు. స్పాట్‌స్టాట్‌లో డిగుల్ పద్ధతి, లైక్లీహుడ్ క్రాస్ వాలిడేషన్ పద్ధతి, స్కాట్ సూత్రం లాంటివి రేడియస్‌ను డేటా నుంచే తేలుస్తాయి. వాటి మధ్యా తేడాలు వస్తాయి, డిగుల్ పద్ధతి తరచూ చిన్న రేడియస్ ఇస్తుంది. ఏది వాడారో, ఎందుకు వాడారో చెప్పగలగాలి.

ఎండిన బోరు, నీళ్లున్న బోరు

మన జిల్లాలో అసలు ప్రశ్న చాలాసార్లు ఇదే. బోర్లు ఎక్కడున్నాయన్నది కాదు, వేసిన వాటిలో దుమ్ము లేచినవి ఎక్కడ గుంపు కట్టాయన్నది. ప్రతి చుక్కకూ ఒక గుర్తు ఉంటుంది: ఫెయిలైంది, నీళ్లు పడింది. ఇలాంటప్పుడు చుక్కల్ని మళ్లీ చల్లడం తప్పు. బోరు వేసిన చోట్లు ఎలాగూ అవే. చోట్లు కదపకుండా గుర్తుల్ని మాత్రమే తారుమారు చేసి పోల్చాలి, దీన్ని రాండమ్ లేబెలింగ్ అంటారు. ఏ సాఫ్ట్‌వేర్ ఈ రెండు రకాల పోలికల్లో మీకు కావాల్సింది ఎంచుకోనిస్తుందో చూసుకోండి. స్పాట్‌స్టాట్ ఇస్తుంది. రెల్‌రిస్క్ అనే ఫంక్షన్‌తో, ఏ వైపు బోరు వేస్తే ఫెయిలయ్యే అవకాశం ఎంతో మ్యాపుగా కూడా వస్తుంది.

కోడ్ రాయడం అస్సలు కుదరదనే వాళ్లకు ఇక్కడ శాట్‌స్కాన్ మంచి దారి. మార్టిన్ కుల్‌డార్ఫ్ స్కాన్ స్టాటిస్టిక్ మీద కట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. ఫెయిలైన బోర్లను కేసులుగా, నీళ్లున్న వాటిని కంట్రోల్స్‌గా (పోల్చడానికి) ఇచ్చి బెర్నూలీ మోడల్ ఎంచుకోండి. ఎక్కడ, ఎంత వ్యాసార్ధంలో ఫెయిలైనవి అసాధారణంగా ఎక్కువో, పి విలువ ఎంతో చెప్తుంది. అక్షాంశ రేఖాంశాల్ని నేరుగా తీసుకుంటుంది. కంట్రోల్స్ ఉంటాయి కాబట్టి హద్దు సమస్య కూడా చాలావరకు తీరిపోతుంది. డెంగీ కేసుల మీద పనిచేసేవాళ్లకు ఊరి జనాభాతో పాయిజాన్ (Poisson) మోడల్ ఉంది. తేదీలూ ఉంటే స్థలం, కాలం కలిపి వెతుకుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: అది వెతికేది వృత్తాలను, దీర్ఘవృత్తాలను. వాగు వెంట సన్నగా సాగిన గుంపును అది రెండు మూడు వృత్తాలుగా ముక్కలు చేసి చూపించొచ్చు. వృత్తం లోపలి ప్రతి బోరూ ప్రమాదంలో ఉందని రాయకండి.

మిగతావి, త్వరగా

65వ నంబరు జాతీయ రహదారి మీద, చిట్యాల, నకిరేకల్, సూర్యాపేట మధ్య యాక్సిడెంట్ స్పాట్లు తీసుకునేవాళ్లు ఇప్పటిదాకా చెప్పిన కె ఫంక్షన్ వాడకూడదు. యాక్సిడెంట్లు రోడ్డు మీదే జరుగుతాయి, పొలంలో జరగవు. మామూలు పద్ధతిలో చూస్తే ఎప్పుడూ గుంపే వస్తుంది, ఆ గుంపు రోడ్డు ఆకారమే. దూరం రోడ్డు వెంట కొలవాలి. స్పాట్‌స్టాట్ కుటుంబంలో లిన్‌నెట్ అనే భాగం దానికోసమే ఉంది.

పైథాన్ ఇప్పటికే వచ్చినవాళ్లు ఆర్ నేర్చుకోవాలా అని అడుగుతారు. పైసాల్ అనే ప్యాకేజీల కుటుంబంలో పాయింట్‌ప్యాట్స్ ఉంది. కె, ఎల్, జి, ఎఫ్ ఫంక్షన్లు, సిమ్యులేషన్లు అందులో వస్తాయి. అంచు సవరణ విషయం మీ వెర్షన్ డాక్యుమెంటేషన్‌లో చదివి చూసుకోండి. పీపీఎమ్ లాంటి మోడళ్లు కావాలంటే ఆర్‌కే రావాలి. ఎస్‌ఏఎస్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ వాడే ల్యాబ్ ఉంటే అందులో ఎస్‌పీపీ అనే ప్రొసీజర్ ఉంది, విద్యార్థులకు ఆన్‌లైన్‌లో ఉచితంగా వాడుకునే వీలూ ఉంది. అడవి ప్లాట్లలో చెట్ల మీద పనిచేసేవాళ్లు ప్రోగ్రమిటా అనే పాయింట్ ప్యాటర్న్ సాఫ్ట్‌వేర్ పేరు వింటారు. మీ గైడ్ దానిలోనే పనిచేసి ఉంటే అందులోనే చేయండి, సాయం దొరుకుతుంది. ఆర్క్‌జీఐఎస్ యూనివర్సిటీ లైసెన్సు ఉంటే మ్యాపుల కోసం వాడుకోండి. క్రాక్ చేసిన కాపీ కోసం మాత్రం తిరగకండి. దానికంటే మంచిది ఉచితంగా, చట్టబద్ధంగా చేతిలో ఉన్నప్పుడు ఆ భయం ఎందుకు?

నమ్మే ముందు పరీక్షించండి

ఏది ఎంచుకున్నా, మీ డేటా పెట్టే ముందు జవాబు తెలిసిన డేటా పెట్టి చూడండి. స్పాట్‌స్టాట్‌తో పాటు మూడు చిన్న డేటాసెట్లు వస్తాయి. సెల్స్: 42 చుక్కలు, ఎడం ఎడంగా ఉంటాయి. రెడ్‌వుడ్: 62 మొక్కలు, గుంపులుగా ఉంటాయి. జపనీస్‌పైన్స్: 65 మొక్కలు, రాండమ్ అనడానికి అడ్డులేనివి. మూడూ ఒక యూనిట్ చతురస్రంలో ఉంటాయి. వాటిని సీఎస్‌వీగా బయటికి తీసి, మీరు వాడాలనుకుంటున్న సాఫ్ట్‌వేర్‌లో వేయండి. మూడింటికీ మూడు సరైన జవాబులు రాకపోతే ఆ సాఫ్ట్‌వేర్‌లో కానీ, మీరు పెట్టిన సెట్టింగుల్లో కానీ ఏదో తేడా ఉంది. మీ ఊరి బోర్లను అప్పుడే అందులో పెట్టకండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే చిక్కులు కొన్ని. నెట్‌లో దొరికే పాత పాఠాల్లో చాలావరకు ఇప్పుడు నడవవు. స్పాట్‌స్టాట్‌ను 2021లో చిన్న చిన్న ప్యాకేజీలుగా విడగొట్టారు. పాత పాఠంలో స్పాట్‌స్టాట్ కోర్ అని కనిపిస్తే, ఇప్పుడు దాని బదులు ఎక్స్‌ప్లోర్, మోడల్ అనే భాగాలున్నాయి. స్పాట్‌స్టాట్ అని మొత్తం పేరుతో ఇన్‌స్టాల్ చేస్తే అన్నీ వచ్చేస్తాయి. మ్యాప్‌టూల్స్, ఆర్‌జీడాల్ అని ఉంటే వాటిని 2023లో ఆపేశారు, ఆ పని ఎస్‌ఎఫ్‌తో చేసుకోండి. ఊళ్ల పేర్లు, రైతుల వివరాలు తెలుగులో రాసుకున్న షీట్‌ను ఎక్సెల్ నుంచి మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే పేర్లన్నీ ప్రశ్న గుర్తులైపోతాయి. యూటీఎఫ్ 8 సీఎస్‌వీ అని ఉన్న రకం ఎంచుకోండి. విండోస్ మీద ఆర్ 4.2 లేదా ఆ తర్వాతిది వేసుకోండి. అంతకు ముందు వెర్షన్లలో తెలుగు అక్షరాలతో తలనొప్పే.

ప్రతి పనీ స్క్రిప్ట్ ఫైల్‌లో రాసి నడపండి, కన్సోల్‌లో టైప్ చేసి వదిలేయకండి. సిమ్యులేషన్ మొదలుపెట్టే ముందు సెట్‌సీడ్ (రాండమ్ అంకెలు ప్రతిసారీ ఒకేలా వచ్చేలా చేసే ఆదేశం) ఇవ్వండి, లేకపోతే రేపు నడిపితే పట్టీ కొంచెం వేరేగా వస్తుంది, వైవాలో దాని గురించే అడుగుతారు. రిపోర్టు పద్ధతుల భాగంలో ఇవి తప్పకుండా ఉండాలి: ఆర్ వెర్షన్, స్పాట్‌స్టాట్ వెర్షన్, హద్దు ఏ నక్షా నుంచి గీశారు, అందులోంచి ఏ చెరువులు, గుట్టలు తీసేశారు, ఏ యూటీఎమ్ జోన్, ఏ అంచు సవరణ, ఎన్ని సిమ్యులేషన్లు, పట్టీ ఒక్కో దూరానికా మొత్తానికా, సీడ్ ఎంత. సైటేషన్ అనే ఫంక్షన్ నడిపితే ప్యాకేజీని ఎలా ఉదహరించాలో అదే రాసిస్తుంది. బోర్ల జాబితాను అనుబంధంలో పెట్టేటప్పుడు రైతుల పేర్లు, సర్వే నంబర్లు తీసేసి, వరుస నంబర్లు మాత్రం ఉంచండి.